నాలుగు ముడుల వాయిదా

భైంసా దారీ ఖానాపూర్ దారీ కలిసే ఊళ్ళో, కోర్టుకు వంద అడుగుల దూరంలో, వకీలు కరుణాకర్‌రావు ఇంటి ముందరి అర్రలో ఒక మేజా, మేజా వెనక ఒక మనిషి, మనిషి ముందర ఒక నోటుబుక్కు ఇరవై ఏడేళ్ళ పాటు ఉన్నాయి. మేజా రెండుసార్లు మారింది. నోటుబుక్కు ఏడాదికొకసారి మారింది. మనిషి మారలేదు. ఆయన పేరు కైలాసం. వకీలు దగ్గర మున్షీ. ఊరు మాత్రం ఆయన్ని తారీఖుల కైలాసం అనేది, కొంత గౌరవంగానూ కొంత నవ్వుకుంటూనూ.

మున్షీలందరికీ నోటుబుక్కులుంటాయి. కైలాసం నోటుబుక్కు వేరు. అచ్చు వేసిన డైరీ ఆయనకు గిట్టదు. డైరీవాళ్ళు ప్రతి దినానికీ ఒకే కొలత జాగా ఇస్తారు. కోర్టు మూసి ఉన్న ఆదివారానికీ అంతే, ముప్పై పేషీలున్న సోమవారానికీ అంతే. "తారీఖులన్నీ ఒక్కతీరుగ ఉంటయనుకున్నోడు ఎన్నడు కోర్టు మెట్లెక్కలే" అనేవాడు. అందుకే గీతలూ గళ్ళూ లేని సాదా కాగితాల పొడుగు పుస్తకం కుట్టించుకునేవాడు. రంగు సిరా లేదు, అట్టమీద దేవుడి బొమ్మ లేదు. ఒక పనికి ఒక పంక్తి. పంక్తి మొదట తారీఖు, తర్వాత వారం, తర్వాత పని. పని తీరితే చివరన "అయింది". తీరకపోతే "జరిపిన" అని రాసి, ఏ తారీఖుకు జరిపాడో పక్కనే రాసి, ఆ తారీఖు కిందికి పోయి అదే పనిని మళ్ళీ రాసేవాడు. కొట్టివేతలు లేవు, చెరపడాలు లేవు. ఒకసారి పుట్టిన పని చచ్చిందో బతికిందో చివరి పేజీ దాకా వెతికి పట్టుకోవచ్చు. దేశంలో చాలామంది మనుషుల సంగతి ఇంత నిక్కచ్చిగా రాసి లేదు.

ఆ పుస్తకానికి రాజ్యాంగం ఒకటుంది. అందులో మొదటి సూత్రం, పని మొదలుపెట్టే దినం వేరు, పనికి గడువు వేరు. అప్పీలుకు ముప్పై దినాల గడువుంటే ఊళ్ళో మున్షీలంతా ముప్పయ్యో దినాన్ని రాసుకుని, ఇరవై తొమ్మిదో దినం నాడు పరుగెత్తేవాళ్ళు. కైలాసం ఆ అప్పీలు ఏనాడు రాయడం మొదలు పెట్టాలో ముందు రాసుకునేవాడు. ముప్పయ్యో దినం కింద "గడువు" అని రాసి, దానికి పద్నాలుగు దినాల ముందునుంచీ ప్రతి దినం కిందా "గడువు వస్తున్నది" అని రాసుకుంటూ పోయేవాడు. ఈ నియమాన్ని ఆయన ఇంటి విషయాలకు కూడా వర్తింపజేశాడు. పెళ్ళాం బాలలక్ష్మికి కాన్పు ఫలానా వారమని మంత్రసాని చెబితే, "గడువు వస్తున్నది" అని యథావిధిగా రాసుకున్నాడు. కొడుకు నాలుగు దినాల ముందే పుట్టాడు. ఆ పంక్తి చివర "ముందే అయింది" అని రాయవలసి వచ్చినందుకు ఆయన కొంచెం నొచ్చుకున్నాడని బాలలక్ష్మి వాడకట్టంతా చెప్పింది.

"మా అన్న బిడ్డ పెండ్లికి పోవాల్నంటే నేను గూడ దరఖాస్తు పెట్టాల్నా?" అని ఆమె అడిగేది.

"పెట్టు. ఆ వారంల పేషీలున్నయేమో చూసి చెప్త."

"చూడు చూడు. లేకుంటె మా అన్ననే వాయిదా అడుగుత."

కైలాసం చదువు ఉర్దూలో సాగింది. వెనకటి సర్కారు ఫస్లీ సంవత్సరాలతో, ఆజూర్, దై, ఖుర్దాద్ నెలలతో నడిచిన పాత దస్తావేజులను ఇంగ్లీషు తారీఖుల్లోకి నోటితోనే మార్చగలడు. పంచాంగం చూడగలడు. మొహర్రం ఎన్నడొస్తుందో నెలవంక కన్నా ఒక దినం ముందే చెప్పేవాడని కొందరంటారు, అది అతిశయోక్తి. కానీ అరవై తొమ్మిదిలో జరిగింది మాత్రం అతిశయోక్తి కాదు. ఆ యేడు బందులు, హర్తాళ్ళు, వకీళ్ళ బహిష్కారాలు కలిసి నెలలకొద్దీ తారీఖులను తలకిందులు చేశాయి. ఏ దావా ఏ దినానికి పడిందో దావా వేసినవాడికీ తెలియదు, దాన్ని ఎదుర్కొంటున్నవాడికీ తెలియదు. పనులు మళ్ళీ మొదలైన వారం కరుణాకర్‌రావు ఇంటి అరుగు మీద ఇరవై మంది కూర్చున్నారు, అందులో సగం మంది వేరే వకీళ్ళ మనుషులు. కైలాసం తన పుస్తకం తెరిచి, జరిపిన ప్రతి పనినీ దాని కొత్త తారీఖు దాకా వెంటాడి, ఒక్కొక్కరికీ చెప్పి పంపాడు. ఒక్కటీ తప్పలేదు. ఆ వారం నుంచి ఆ పుస్తకం తప్పదన్న మాట ఊళ్ళో స్థిరపడింది. కైలాసం కూడా నమ్మాడు. ఇక్కడినుంచే కథ.

పల్లెలనుంచి వచ్చేవాళ్ళతో ఒక చిక్కుంది. ఆగస్టు పదిహేడు అంటే వాళ్ళు తలూపుతారు, ఊరికి చేరేలోగా ఆ అంకె వాగులో కొట్టుకుపోతుంది. చిట్టీ మీద రాసిస్తే చదివేవాడు ఊళ్ళో ఒక్కడే ఉంటాడు, సాధారణంగా వాడే ఎదుటి కక్షిదారు. అందుకని కైలాసం ఒక పద్ధతి పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో వారానికొకసారి కూడే అంగడి ఏ వారమో అడుగుతాడు. పేషీ నాటికి ఎన్ని అంగళ్ళు పడతాయో లెక్క చూస్తాడు. దావా కాగితాల మిసిళ్ళు కట్టే పురికొసలోంచి మూరెడు ముక్క కోసి, అన్ని ముడులు వేసి చేతిలో పెడతాడు. అంగడికి పోయినప్పుడల్లా ఒక ముడి ఇప్పాలి. ఆఖరి ముడి ఇప్పిన తర్వాత ఎన్నో దినం రావాలో అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఎనిమిదేళ్ళలో ఈ కొసలు పట్టుకుని వందలమంది సరిగ్గా సరైన దినం నాడే వచ్చారు. మిగతా మున్షీలు నవ్వారు, తర్వాత వాళ్ళూ పురికొస కొన్నారు.

డెబ్బై ఏడు జూలై ఇరవై రెండు, శుక్రవారం నాడు లింగవ్వకు అట్లాంటి కొస ఒకటి దొరికింది.

లింగవ్వది ఖానాపూర్ అవతల, వాగు దాటి పోవలసిన రేగులవాడ. మొగుడు చనిపోయి ఎనిమిదేళ్ళు. అతని పేరు మీద వాగొడ్డున నాలుగెకరాల నల్లరేగడి ఉంది. దినాలు తీరకముందే మరిది సాంబయ్య అందులో నాగలి కట్టి, అన్న పోతూ పోతూ నాకే ఇచ్చిపోయిండని చెప్పాడు. ఇచ్చినప్పుడు విన్నవాళ్ళెవరూ లేరు, సాంబయ్య తప్ప. అప్పటినుంచి లింగవ్వ తన భూమి గట్టు మీదుగా నడిచి ఇంకొకరి భూమిలోకి కైకిలి పనికి, దినకూలికి పోతోంది. భూమి తనకు ఇప్పించమని దావా వేసి రెండేళ్ళయింది. ఆమె కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పాలి. అది ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి సాంబయ్య వకీలు రాజేశ్వర్‌రావుకు దగ్గు, ఒకసారి మన కరుణాకర్‌రావు ఇంట్లో పెండ్లి. దగ్గూ పెండ్లీ కోర్టు అంగీకరించే కారణాలే. కానీ మూడోసారి మున్సిఫ్ గారు కళ్ళద్దాలు తీసి, ఇదే ఆఖరు, ఆగస్టు పదిహేడు నాడు ఆమె రాకపోతే దావా ఉండదు అన్నారు.

ఆ యేడు శ్రావణాలు రెండు. ముందు అధికం, తర్వాత నిజం. అట్లాంటి యేడు మాసాల లెక్క చెబితే జనం తప్పిపోతారని కైలాసానికి తెలుసు. అందుకని ఆ యేడంతా మాసాల మాటెత్తకుండా అంగళ్ళనే నమ్ముకున్నాడు.

"మీ అంగడి ఎన్నడు లింగవ్వా?"

"మంగళారం సారు."

కైలాసం పుస్తకం చూసి నాలుగు ముడులు వేశాడు. "ఇగో. అంగడికొక్కటి ఇప్పు. నాలుగో ముడి ఇప్పిన తెల్లారి బుధారం, పొద్దుగాల బస్సుకు రావాలె. నువ్వు రాకుంటె భూమి పోతది. సమజైందా?"

"భూమి పోతదంటె ఎందుకు రాను సారు" అని లింగవ్వ ఆ కొసను కొంగున కట్టుకుంది.

కైలాసం తన పుస్తకంలో "లింగవ్వకు 17 ఆగస్టు బుధవారం తెలిపినది" అని రాసి, పక్కనే "అయింది" అని రాశాడు.

ఆగస్టు పదిహేడు నాడు ఖానాపూర్ నుంచి పొద్దుటి బస్సు వచ్చింది. కైలాసం బస్సు దగ్గరే నిలబడ్డాడు. మేకతో ఒకడు దిగాడు, ఇద్దరు టీచర్లు దిగారు, గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె దిగింది. బస్సు ఖాళీ అయింది. కైలాసం లోపలికెక్కి వెనక సీటు దాకా చూసి వచ్చాడు. పదకొండున్నరకు కోర్టు వరండాలో చప్రాసి లింగవ్వ పేరు మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపు మరీ మెల్లగా పిలిచాడు; కైలాసం ముఖం చూసి అట్లా పిలిచాడని తర్వాత ఒప్పుకున్నాడు. కరుణాకర్‌రావు లేచి ఒక్క దినం గడువు అడిగాడు. రాజేశ్వర్‌రావు లేవలేదు, లేవవలసిన పని లేదు. సాక్షి రాలేదు కనుక దావా ఖారిజ్ అని మున్సిఫ్ గారు రాశారు. తప్పేం కాదు, ముందే చెప్పిన మాట.

ఆ మధ్యాహ్నం కైలాసం జూలై ఇరవై రెండు కింద ఉన్న పంక్తిని మళ్ళీ చదివాడు. జూలై ఇరవై ఆరు, ఆగస్టు రెండు, తొమ్మిది, పదహారు. నాలుగు మంగళవారాలు. తెల్లవారి బుధవారం పదిహేడు. లెక్క సరిగానే ఉంది. పుస్తకం తప్పలేదు. "ఈ జనం" అని ఒక్క మాట పైకే అన్నాడు. తర్వాత ఒక పని రాసుకున్నాడు. ఖారిజ్ అయిన దావాను మళ్ళీ నిలబెట్టమని అర్జీ పెట్టడానికి ముప్పై దినాలు. సెప్టెంబరు పదహారు, గడువు.

వారం తిరిగింది. ఆగస్టు ఇరవై నాలుగు, బుధవారం, పొద్దుటి బస్సు దిగి లింగవ్వ తిన్నగా వకీలు ఇంటికి వచ్చింది. ఉతికిన చీర కట్టింది. తలకు నూనె పెట్టింది. మూటలో రెండు జొన్నరొట్టెలున్నాయి, సాక్ష్యం చెప్పేసరికి పొద్దుపోతుందేమోనని. చేతిలో ఒక్క ముడీ లేని పురికొస.

"ఏడ నిలవడాలె సారు? ముందుగాల జర చెప్పుండ్రి. నోరు ఎండుకపోతుంది."

కైలాసం ఆమె చేతిలోని కొసను చూశాడు. తర్వాత గొంతు పెంచాడు. అంత గొంతు ఆయనకు ఉందని వకీలుకే తెలియదు.

"ఇయ్యాలనా వచ్చేది? పోయిన బుధారం గదనే పేషీ. మూడుసార్లు పిలిచిండ్రు. ఎటు పోయినవ్?"

"పోయిన బుధారమెట్లయితది సారు? నిన్న గదా నాలుగో ముడి ఇప్పింది."

"లెక్క తప్పినవ్. నాలుగు అంగళ్ళు పోయిన మంగళారానికే అయిపాయె."

"తప్పలే." లింగవ్వ గొంతు పెంచలేదు. కొసను మేజా మీద పెట్టి, ముడులున్న గుర్తుల మీద వేలు పెట్టుకుంటూ చెప్పింది. "మొదటి అంగట్ల మిరపకాయలు కొన్న. రెండో అంగట్ల కొడవలికి పదును పెట్టిచ్చిన. మూడో అంగట్ల మా బిడ్డ అత్త కలిసె, ఆమెను అడుగు. నాలుగోది నిన్న. ఉప్పు కొని, ముడి ఇప్పి, ఇంటికొచ్చి చీర పిండుకున్న."

"మధ్యల ఒక మంగళారం ఏమైంది మరి?"

"మధ్యల వాగొచ్చె గద సారు. అంగడి కూడలే. ఒక్క బండి రాలే, ఒక్క మనిషి రాలే. కూడని అంగడికి ముడెట్ల ఇప్పుదు?"

కైలాసం పుస్తకం వెనక్కి తిప్పాడు. ఆగస్టు రెండు, మంగళవారం. తన చేతిరాతే. "వాగు వచ్చినది. ఖానాపూర్ బస్సు బంద్. అటువైపు సాక్షులు రారు. రెండు పేషీలు జరిపిన." ఆ దినం పొద్దున్నే కబురు తెలుసుకుని, కోర్టులో చెప్పి, రెండు దావాలు ముందుకు జరిపించి, తన చురుకుతనానికి తానే సంతోషించి, రెంటి పక్కనా "అయింది" అని రాసుకున్నాడు. ఆ రెండు దావాలలో లింగవ్వది లేదు. ఆమె పేషీ ఇంకా పదిహేను దినాలుంది. వాగవతల అంగడి కూడదని, కూడకపోతే ఒక ముడి మిగులుతుందని, ఆ పంక్తి రాసిన మనిషికి తట్టలేదు.

ఆయన ఆ పంక్తి కింద వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"ఏమైంది సారు?" అంది లింగవ్వ.

"దావా ఖారిజ్ అయింది."

"అంటె?"

"కొట్టేసిండ్రు."

"నా భూమి?"

"ఇప్పటికైతె సాంబయ్య కిందనే."

లింగవ్వ గోడకానుకుని కింద కూర్చుంది. ఏడవలేదు. కొంచెంసేపటికి మూట ముడి సరిచేసుకుని, "వాగు నేను తెచ్చిన్నా సారు?" అంది.

కరుణాకర్‌రావు చెడ్డవాడు కాదు, పాత వకీలు. దారి వెంటనే చెప్పాడు. "అర్జీ పెడుదం. జెరమొచ్చి మంచంల ఉన్నదని రాద్దం. డాక్టరు కాయితం నేను తెప్పిస్త. కోర్టుకు జెరం తెలుసు, అంగడి తెల్వది."

"నాకు జెరం రాలే సారు" అంది లింగవ్వ కిందనుంచే.

"రాలేదని నాకు తెలుసు. రాస్తున్నం, అంతే."

"ఆ బుధారం పటేలు పొలంల నాట్లేసిన. ఊరంత చూసింది. సాంబయ్య గట్టు మీద నిలవడి చూసిండు. రేపు కోర్టుల నిలవెట్టి, బురదల ఉన్నవా మంచంల ఉన్నవా అంటె ఏం చెప్పాలె? ఒక్క అబద్ధం చెప్తె నా భూమి గూడ అబద్ధమే అంటరు."

కరుణాకర్‌రావు పై కండువా సర్దుకున్నాడు. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో కక్షిదారు నోట వాదన ఇంత పొట్టిగా, ఇంత సరిగా ఆయన వినలేదు.

అప్పుడు కైలాసం అన్నాడు. "జరిగింది జరిగినట్టు రాద్దం సార్. అఫిడవిట్ నేనిస్త."

"నువ్వా? నువ్వు ఏమని ఇస్తవ్?"

"తప్పు నాదని."

"కైలాసం, ఈ అర్రల సగం మంది నన్ను చూసి రాలే, నీ నోటుబుక్కును చూసి వస్తుండ్రు. భైంసా సేట్లు ఎందుకొస్తుండ్రు? తారీఖు తప్పదని. నువ్వు బోనెక్కి నా తారీఖు తప్పిందంటె రేపటికెల్లి ఎవడొస్తడు?"

"రాకపోవచ్చు సార్."

"రాజేశ్వర్‌రావు నిన్ను ఒలుస్తడు."

"ఒలువనీయుండ్రి."

అర్జీ ఆగస్టు ఇరవై తొమ్మిది నాడు దాఖలైంది. విచారణ సెప్టెంబరు ఇరవై ఎనిమిది. ఆ దినం పొద్దున బాలలక్ష్మి ఆయనకు ఇస్త్రీ చొక్కా ఇచ్చి గుమ్మంలో నిలబడింది.

"లగ్గమై పదమూడేండ్లాయె. తప్పైందని నాకు ఒక్కనాడన్న చెప్పలే. ఇయ్యాల కోర్టుకైతె చెప్తవ్."

"కోర్టుల అడుగుతరు."

"నేనడుగలేదా?"

కైలాసం చొక్కా ఆఖరి గుండీ పెట్టుకున్నాడు. "అడిగినవ్" అన్నాడు. ఆ ఒక్క ముక్కను కూడా ఆమె చాలా ఏళ్ళు దాచుకుంది.

కోర్టు హాలు ఆ దినం నిండింది. తప్పని పుస్తకం బోనెక్కుతుందంటే మున్షీలంతా పనులు వదిలి వచ్చారు. కొందరు దుఃఖంతో వచ్చారు, ఎక్కువమంది చూడ్డానికి వచ్చారు. లింగవ్వ తలుపు పక్కన నిలబడింది. సాంబయ్య ముందు బెంచీ చివర కూర్చున్నాడు, తలకు కొత్త రుమాలు చుట్టుకుని.

రాజేశ్వర్‌రావు లేచాడు. దగ్గు లేదు.

"కైలాసం గారూ, మీ నోటుబుక్కు ఈ ఊళ్ళె ప్రసిద్ధి. ఎన్ని ఏండ్లనుంచి రాస్తుండ్రు?"

"పదమూడు సార్."

"ఎన్నడన్న తారీఖు తప్పు రాసిండ్రా?"

"లేదు సార్."

"ఈ లింగవ్వ తారీఖు తప్పు రాసిండ్రా?"

"లేదు. పదిహేడే రాసిన."

"ఆమెకు తెలిపిండ్రా?"

"తెలిపినట్టే రాసిన."

రాజేశ్వర్‌రావు మున్సిఫ్ గారి వైపు తిరిగాడు. ఆయన ముఖంలో పని అయిపోయిన మనిషి ప్రశాంతత ఉంది. "ఇంకేమున్నది సార్? తారీఖు సరిగ రాసిండ్రు, సరిగ తెలిపిండ్రు, ఆమె రాలే. అశ్రద్ధ ఆమెది."

"కాదు సార్" అన్నాడు కైలాసం. "ఇంకో పంక్తి ఉన్నది. చదువుత."

పుస్తకం తెరిచి ఆగస్టు రెండు కింది పంక్తిని చదివాడు. వాగు వచ్చినది. బస్సు బంద్. చదివి, పుస్తకం మూయకుండా అన్నాడు. "నేను ఆమెకు తారీఖు చెప్పలే సార్. అంగళ్ళు చెప్పిన. అంగడికొక ముడి ఇప్పుమన్న. ఆ దినం అంగడి కూడలే. ఆ సంగతి నాకు తెలుసు, నా చేత్తోనే రాసి పెట్టుకున్న. రాసి, వేరే రెండు దావాలు జరిపిన. ఈమెకు కబురు చెయ్యలే. ఆమె నేను చెప్పినట్టె చేసింది. చెప్పినట్టు చెయ్యకుంటెనే సరిగ వచ్చేది."

"అంటే మీ పద్ధతే తప్పంటారు" అన్నాడు రాజేశ్వర్‌రావు.

"తెలిపిన అని రాసి, పక్కన అయింది అని రాసుకున్న సార్. తెలిపితె అయిపోయిందనుకున్న. అదీ తప్పు."

వెనక బెంచీలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. మున్సిఫ్ గారు చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నారు. జూలై ఇరవై రెండు చూశారు, ఆగస్టు రెండు చూశారు, ముందు పేజీలు వెనక పేజీలు తిప్పారు. ఎక్కడా కొట్టివేత లేదు, ఇరికించిన పంక్తి లేదు.

"ఈ వాగు సంగతి ఎన్నడు రాసినవ్?"

"వాగొచ్చిన పొద్దున్నే సార్. బస్టాండు నుంచొచ్చి రాసిన."

మున్సిఫ్ గారు లింగవ్వను పిలిచి, నాలుగు అంగళ్ళలో ఏమేం కొన్నావని అడిగారు. ఆమె మిరపకాయల నుంచి ఉప్పు దాకా చెప్పింది. సాంబయ్యను లేపి, ఆగస్టు రెండు నాడు మీ ఊళ్ళె అంగడి కూడిందా అని అడిగారు. సాంబయ్య తన వకీలు వైపు చూశాడు. వకీలు కాగితాల వైపు చూశాడు. "కూడలే సార్" అన్నాడు సాంబయ్య. ఆ దావాలో అతను చెప్పిన నిజాల్లో అది పెద్దది.

సాయంత్రం లోపల ఉత్తర్వు వచ్చింది. రాకపోవడానికి కారణం ఆమెది కాదు, దావా తిరిగి నిలబెట్టడమైనది, నవంబరు పదహారు నాడు సాక్ష్యం. మున్షీ పద్ధతి గురించి మున్సిఫ్ గారు రెండు వాక్యాలు రాశారు. మెచ్చుకోలు కాదు. కైలాసం ఆ ఉత్తర్వు నకలు తీసుకుని, తన పుస్తకంలోనే పెట్టుకున్నాడు.

కరుణాకర్‌రావు చెప్పినట్టే జరిగింది. దీపావళి లోపల భైంసా సేట్లు ముగ్గురు మిసిళ్ళు తీసుకుపోయారు. తారీఖుల కైలాసం అనే పేరును కొందరు ఇప్పుడు ఇంకో రకంగా పలకడం మొదలుపెట్టారు. వకీలు ఒక నెల ఆయనతో ముక్తసరిగా మాట్లాడి, ఆ తర్వాత అలవాటు లేక ఆ ముభావం మానుకున్నాడు. పుస్తకం రాజ్యాంగానికి మాత్రం ఒక సవరణ జరిగింది. తెలపడం పక్కన "అయింది" అని రాయడం నిషిద్ధం. మనిషి కళ్ళముందు వచ్చి నిలబడ్డాకే ఆ మాట. వాగు వచ్చినా, అంగడి కూడకపోయినా, బస్సు ఆగినా, ఆ దారి మీద ఎవరెవరి తారీఖులున్నాయో వెనక్కి తిప్పి చూడాలి. దీనివల్ల రాత పని రెండింతలైంది. పురికొస ముడులు ఆయన మానలేదు. కానీ పేషీకి ఒకటి రెండు దినాల ముందు ఎవరో ఒకరి చేత కబురు పంపేవాడు, మనిషి దొరక్కపోతే తానే పోయేవాడు.

నవంబరు పదిహేను నాడు తానే పోయాడు. బస్సు దిగి, మోకాలి లోతు వాగు దాటి రేగులవాడ చేరి, లింగవ్వ ఇంటి ముందర నిలబడి, "రేపే" అన్నాడు. ఆమె నవ్వింది, "తెలుసు సారు, గింత దూరం నడిచిండ్రా" అంది. మర్నాడు ఆమె రెండు గంటలు బోనులో నిలబడి సాక్ష్యం చెప్పింది. రాజేశ్వర్‌రావు ఎన్ని తిప్పలు తిప్పినా చెప్పిందే చెప్పింది.

తీర్పు డెబ్బై తొమ్మిదిలో వచ్చింది. సాంబయ్య అప్పీలు పోయాడు, ఓడాడు. ఎనభై అక్టోబరులో, అతను వేసిన వానాకాలం పంట కోసుకుపోయిన తర్వాత, కోర్టు అమీను నాలుగెకరాలూ తిరిగి, హద్దులు చదివి, స్వాధీనం కాగితం మీద లింగవ్వ వేలిముద్ర తీసుకున్నాడు. మున్షీలు దీనికి రావలసిన పని లేదు. కైలాసం వచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత ఆమె ఆ భూమిలోకి దిగడం గట్టు మీదనుంచి చూశాడు. ఆమె చెప్పులు విప్పి గట్టున పెట్టి, కోసిన పంట కొయ్యకాళ్ళ నడుమ కొంచెం దూరం పోయి నిలబడింది. ముందు రెండు దినాలు వాన పడి ఉంది.

"ఏమేస్తవ్ లింగవ్వా?"

"జొన్న. యాసంగి జొన్నకు ఇదే అదును."

"ఎన్నడు విత్తుతవ్?" అని అడిగాడు, పదహారేళ్ళ అలవాటు కొద్దీ.

లింగవ్వ వంగి ఒక పిడికెడు మన్ను తీసి గట్టిగా పిసికింది. పిడికిలి విప్పితే ముద్ద విరగలేదు. "ఇంక పచ్చిగనే ఉన్నది. నాగలికి అంటుతది. రెండు మూడు దినాలు ఆరాలె."

"రెండా, మూడా?"

"గది ఇప్పుడెట్ల చెప్పాలె సారు. రేపొచ్చి మల్ల చూస్త."

అమీను బండెక్కి కైలాసాన్ని పిలిచాడు, చీకటి పడేలోగా వాగు దాటాలని. కైలాసం గట్టు దిగి నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. లింగవ్వ ఆ ముద్దను పారేసి, ఇంకా అవతలికి, వాగొడ్డు వైపు నడిచిపోయి, అక్కడ వంగి ఇంకో పిడికెడు తీస్తోంది.